హీమోఫిలియా ఉన్న అబ్బాయి జిమ్ మానేసి బ్యాంకు పరీక్షలు రాయాలా?

ప్రశ్న: మాది గాజువాక. బాబు ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. హీమోఫిలియా ఏ, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, సివియర్. చిన్నప్పుడు కుడి మోకాలు చాలాసార్లు వాచింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఫ్యాక్టర్ ఎనిమిది (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) ఎక్కించుకుంటున్నాడు, వాపులు బాగా తగ్గాయి. ఈ మధ్య జిమ్‌లో చేరి, ట్రైనర్ అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో జిమ్ మానెయ్, డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలు రాయి, కూర్చుని చేసే ఉద్యోగమైతే సేఫ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, జిమ్ మాత్రం మానిపించకండి. కదలకుండా కూర్చోబెట్టడం ఫ్యాక్టర్ దొరకని రోజుల పద్ధతి. తొడ ముందు భాగంలోని కండ బలహీనపడితే వేసే ప్రతి అడుగు భారమూ మోకాలి కీలు మీదే పడుతుంది, అందులో మళ్లీ రక్తం చేరుతుంది, నొప్పికి భయపడి కాలు వాడడం తగ్గిస్తాడు, దాంతో ఉన్న కండ కూడా పోతుంది. దీన్ని ఆపాలంటే మందుతో పాటు వ్యాయామమూ కావాలి. ప్రపంచ హీమోఫిలియా ఫెడరేషన్ కూడా వ్యాయామం చేయమనే చెబుతోంది. వాళ్ల నాన్నగారికి అలెక్స్ డౌసెట్ గురించి చెప్పండి. బ్రిటన్ సైక్లిస్టు, మీ బాబుకున్న సివియర్ హీమోఫిలియా ఏనే ఆయనకీ ఉంది, 2015లో ఒక్క గంటలో 52.937 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు.

అలాగని జిమ్‌లో పక్కవాడు ఎత్తాడని తనూ ఎత్తితే కుదరదు. పదిహేనుసార్లు హాయిగా ఎత్తగలిగే బరువే ఎత్తాలి, ఒక్కసారికి ఎంత లేపగలనో చూద్దాం అనే పందేలు అస్సలు వద్దు. ఎక్కించిన ఫ్యాక్టర్ ఎనిమిది దాదాపు 8 నుంచి 12 గంటల్లో సగానికి పడిపోతుంది, కాబట్టి ఉదయం ఫ్యాక్టర్ తీసుకున్న రోజునే, తీసుకున్నాక కాసేపటికే జిమ్‌కి వెళ్లేలా రోజులు కుదుర్చుకోమనండి. ఈత చాలా మంచిది, స్విమ్మింగ్ పూల్‌లోనే సుమా, ఆర్కే బీచ్ అలల్లో కాదు. కైలాసగిరి మెట్లు ఎక్కినా దిగేటప్పుడు మోకాలి మీద దెబ్బ ఎక్కువ, దానికంటే బీచ్ రోడ్డులో నడక నయం. కబడ్డీ, బాక్సింగ్ లాంటివి వద్దు.

వ్యాయామం చేసిన మర్నాడు రెండు కాళ్లూ సమానంగా పట్టేస్తే అది కండ నొప్పి. ఒక్క కీలే వెచ్చగా, బిగుసుకున్నట్టు అనిపించి గంటగంటకీ పెరుగుతుంటే బ్లీడింగ్ అనే అనుకోండి. అనుమానం ఉన్నా చాలు, వాపు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్ ముందే చెప్పిన మోతాదులో ఫ్యాక్టర్ వేసుకోవాలి, అది తగ్గేవరకు ఆ కాలికి జిమ్ సెలవు. నొప్పికి పారాసిటమాల్ పర్లేదు గానీ బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఆర్ఎంపీ దగ్గర కండకి ఇంజెక్షన్ అసలే వద్దు. జబ్బు సంగతి జిమ్ కోచ్‌కి తెలియాలి, దాచుకుంటే ప్రమాదం.

ఇక కెరీర్. జబ్బు పేరు చూసి ఉద్యోగం నిర్ణయించేస్తున్నారు మీ ఇద్దరూ, చూడాల్సింది ఏ కీలు ఎంత దెబ్బతిందన్నది. జిమ్ ట్రైనర్ అంటే తన వ్యాయామం తను చేసుకోవడం కాదు, రోజంతా వేరేవాళ్ల బరువులు తీసి పెట్టాలి, వాళ్ల చేయి జారితే పట్టుకోవాలి. నాకైతే ఇష్టం లేదు. బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు) కూడా పక్కన పెట్టండి, దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో పరుగు, జంపులు, ఆటల పరీక్షలు ఉంటాయి.

అయితే బ్యాంకు సేఫ్ అన్న మాట నేను ఒప్పుకోను. మోకాలు మడిచి గంటలు గంటలు కూర్చుంటే అదీ బిగుసుకుంటుంది. పైగా ఆఫీసర్ పోస్టయితే ఎక్కడికి వేస్తారో తెలీదు, ఫ్యాక్టర్ దొరకని ఊళ్లో ఎలా? కోటా గురించి కూడా తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియా ఉంది, వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో ఉన్నత చదువుకి 5 శాతం సీట్ల రిజర్వేషన్ వర్తిస్తుంది. ఉద్యోగాల 4 శాతం జాబితాలో మాత్రం రక్త సంబంధ జబ్బులు లేవు. కీలు దెబ్బతిని నడకలో వైకల్యం అంతే స్థాయిలో ఉందని మెడికల్ బోర్డు రాస్తే ఆ దారి వేరు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి, సీటు వచ్చాక పరిగెడితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

నా ఓటు బీపీటీకి, అంటే ఫిజియోథెరపీకి. బైపీసీ సరిపోతుంది, ఒంటి బలం మీద ఇష్టం ఎలాగూ ఉంది, చదువయ్యాక విశాఖలోనే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు. అడ్మిషన్ పద్ధతి మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి, పక్కింటివాళ్ల మాట కాదు. ఒక్క చిక్కుంది, ఫిజియో చేతులతో చేసే పని, పేషెంట్‌ని లేపాలి, కీళ్లు వంచాలి. అందుకే ఫీజు కట్టేముందు హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టర్)తోనూ, ఫిజియోతోనూ రెండు మోచేతులు, మణికట్లు చూపించి, ఈ పని తట్టుకుంటాయా అని సూటిగా అడగండి. మోకాలి గురించే రాశారు, మోచేతుల మాట ఎత్తలేదు. వాటిల్లో ఇబ్బంది ఉందంటే మళ్లీ రాయండి, ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షలు), ఆడియాలజీ (వినికిడి పరీక్షలు), న్యూట్రిషన్ చూద్దాం.