కోటి దాటిన రోజు ఇంట్లో ఎవరూ సంబరపడలేదు

ప్రశ్న: మేడమ్, నాకు 39 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. 48కి రిటైర్ అయిపోవాలని 30వ ఏట నుంచే పొదుపు మొదలుపెట్టా. పోయిన నెల మ్యూచువల్ ఫండ్స్, పీఎఫ్, పీపీఎఫ్ అన్నీ కలిపి కోటి దాటింది. రాత్రి పదకొండింటికి ఎక్సెల్ షీట్‌లో ఆ నంబర్ చూసి ఆగలేక మా ఆవిడని లేపి చూపించా. "అయితే ఇప్పుడు వంటింట్లో చిమ్నీ పెట్టించొచ్చా" అని అటు తిరిగి పడుకుంది. చాలా బాధేసింది. మొదట్లో ఇద్దరం కలిసే అనుకున్నాం, తను అప్పుడు స్కూల్ టీచర్, బాబు పుట్టాక మానేస్తే వచ్చిన పీఎఫ్ డబ్బులు కూడా ఇందులోనే వేశాం. ఆ బాధలో అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేశా, వారం తిరక్కుండా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకి 8 లక్షలు అడిగాడు. ఆ విషయం తెలిసి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఇంత కష్టపడి ఇక్కడిదాకా వస్తే పండగ చేసుకోవడానికి తోడు ఒక్కళ్ళు కూడా లేరేంటి?

జవాబు: ముందుగా కంగ్రాట్స్ అండి. జీతం డబ్బులతో, పిల్లాడిని చదివించుకుంటూ, తొమ్మిదేళ్ళలో కోటి చేయడం మామూలు విషయం కాదు, అందులోనూ మొదటి కోటే కష్టం. నెలకి 50 వేలు వేస్తూ ఏడాదికి 12 శాతం వస్తుందనుకున్నా మొదటి కోటికి తొమ్మిదేళ్ళు దాటుతుంది, రెండో కోటికి నాలుగేళ్ళ చిల్లర, మూడోదానికి మూడేళ్ళు కూడా పట్టదు. మార్కెట్ ప్రతి ఏడాదీ లెక్క ప్రకారం ఇవ్వదనుకోండి, అయినా మీరు సంతోషపడటంలో తప్పేం లేదు.

ఇక చిమ్నీ. ఆవిడ మిమ్మల్ని తీసిపారేసిందని మీరు అనుకుంటున్నారు, నాకు మాత్రం అది తొమ్మిదేళ్ళ నుంచి గొంతులో ఉన్న మాట ఆ రాత్రి బయటికొచ్చినట్టు అనిపిస్తోంది. చేపల పులుసు పెట్టిన రోజు మీ ఇంట్లో సోఫా కవర్ల దాకా వాసన వస్తుంది కదా, మీరు బెడ్రూమ్ తలుపేసుకుని కాల్‌లో కూర్చుంటారు, ఆవిడ మిరపకాయ తాలింపు ఘాటుకి దగ్గుకుంటూ అక్కడే నిలబడాలి. ఒక చిమ్నీ ఎంతండీ, ఇరవై వేలు పెడితే మంచిదే వస్తుంది. అది ఇన్నేళ్ళు ఎందుకు కొనలేదో మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు, "కొంచెం ఆగు, ఆ డబ్బు కూడా అందులో వేద్దాం" అని మీరు ఎన్నిసార్లు అన్నారో ఆవిడకి ఇంకా బాగా తెలుసు. పైగా పొద్దున్నే లేచి బాక్సులు కట్టాల్సిన మనిషిని రాత్రి పదకొండింటికి లేపారు, చప్పట్లు కొట్టలేదని అలిగారు!

మీరు ఉత్తరంలో ఒక లైన్ రాసి ముందుకెళ్ళిపోయారు, ఆవిడ పీఎఫ్ డబ్బులు కూడా ఇందులోనే వేశామని. మీ షీట్‌లో ఆ డబ్బుకి విడిగా ఒక వరసైనా ఉందా? ఆవిడ పేరు మీద ఎంత ఉంది? బహుశా మొత్తం మీ పేరు మీదే ఉండి ఉంటుంది, నామినీగా మాత్రం ఆవిడ పేరు రాసి ఉంటారు. ఉద్యోగం వదిలేసి, ఉన్న పీఎఫ్ ఇచ్చేసి, ఇన్నేళ్ళు ఇంటి ఖర్చు అదుపులో పెట్టింది ఆవిడ. అంటే ఆ కోటిలో ఆవిడ వాటాదారు. మీరేమో ఆవిడని రిజల్ట్స్ చూసి మెచ్చుకోవాల్సిన ప్రేక్షకురాలిని చేశారు. తేడా అక్కడ వచ్చింది.

కాబట్టి ఈ ఆదివారం కూర్చోండి, ఎక్సెల్ తెరవకుండా. "మన దగ్గర కోటి ఉంది" అని కాకుండా "మన ఇల్లు ఎన్నేళ్ళు నడుస్తుంది" అని చెప్పండి. మీ ఇంటి ఖర్చు నెలకి 75 వేలనుకుందాం, ఏడాదికి 9 లక్షలు, అంటే ఇవాళ్టి ధరల్లో పదకొండేళ్ళు. ఇలా చెప్తే ఇల్లు నడిపే మనిషికి వెంటనే అర్థమవుతుంది, మీకూ ఇదే మేలు, ఎందుకంటే కోటి అన్నది మార్కెట్ మూడ్ మీద ఉంటుంది, ఇవాళ కోటీ రెండు లక్షలు చూపించింది వచ్చే నెల 94 లక్షలు చూపించొచ్చు, అప్పుడు చేసుకున్న పండగ వెనక్కి ఇచ్చేస్తారా ఏంటి.

పండగకి ఒక పద్ధతి పెట్టుకోండి. ప్రతి మెట్టు దాటినప్పుడు అందులో అర శాతం ఖర్చు పెట్టేయాలి, అంటే కోటికి 50 వేలు. దానికోసం ఫండ్స్ అమ్మక్కర్లేదు, అమ్మితే, ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ (షేర్ల) ఫండ్స్ మీద లాభం ఏడాదిలో లక్షా పాతిక వేలు దాటినప్పుడు పైదానికి 12.5 శాతం టాక్స్ కూడా ఉంటుంది, బోనస్‌లోంచో ఆ నెల జీతంలోంచో తీయండి. ఈసారి దేనికి పెట్టాలో ఆవిడే చెప్పాలి, మీరు నోరు మెదపకూడదు, "అది ఆఫర్‌లో ఇంకా తక్కువకి వస్తుంది" అని కూడా అనకూడదు. చిమ్నీ పోగా మిగిలింది వాళ్ళ అమ్మగారికి చీర కొంటారో, తిరుపతికి ఫ్లైట్‌లో వెళ్దామంటారో ఆవిడ ఇష్టం. వచ్చే మెట్టు పండగ మీ ఇష్టం, ఆ తర్వాత బాబుది.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 48కి మానేస్తానన్నారు, మానేసి ఏం చేస్తారో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. 6 శాతం చొప్పున ధరలు పెరిగితే ఇవాళ్టి 9 లక్షల ఖర్చు అప్పటికి 15 లక్షలు దాటుతుంది. ఏడాది ఖర్చుకి 25 రెట్లు పోగేస్తే చాలని అందరూ చెప్పే లెక్క అమెరికాలో ముప్పై ఏళ్ళ రిటైర్మెంట్‌కి కట్టింది, మీకేమో నలభై ఏళ్ళు పైన కావాలి, కనీసం 33 రెట్లు పట్టుకున్నా 5 కోట్లు. పీఎఫ్ తాలూకు పూర్తి పెన్షన్ 58కి గానీ రాదు, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీతోనే పోతుంది, కాబట్టి షుగర్ బీపీ రాకముందే ముగ్గురికీ సొంత పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే వాటి మీద జీఎస్టీ కూడా లేదు. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇంత దూరం ఉన్న ప్రయాణాన్ని కడుపు కట్టుకునే చేస్తానంటే 48 వచ్చేసరికి డబ్బుంటుంది, కూర్చుని కబుర్లు చెప్పుకునే అలవాటు ఇద్దరికీ పోతుంది.

అందుకే ఒక మెట్టు పండగని డబ్బుతో కాకుండా సెలవుతో చేసుకోండి. మిగిలిన లీవులన్నీ కలిపి మూడు వారాలు, అవసరమైతే కొన్ని రోజులు జీతం లేకపోయినా సరే, ఊరెళ్ళకుండా ఇంట్లోనే ఉండండి. రిటైర్ అయితే ఎలా ఉంటుందో అలాగే. పొద్దున బాబుని స్కూల్లో దింపడం, కూరగాయలు తేవడం, మధ్యాహ్నం ఆవిడ సీరియల్ టైమ్‌లో రిమోట్ జోలికి పోకుండా ఉండటం. రెండో వారంలోనే మీకు పిచ్చెక్కుతుందా లేక హాయిగా ఉందా అన్నది తెలిసిపోతుంది. పిచ్చెక్కితే మీకు కావాల్సింది రిటైర్మెంట్ కాదేమో, వేరే టీమో వేరే ఉద్యోగమో చాలేమో. ఆవిడని కూడా అడగండి, మళ్ళీ టీచింగ్‌లోకి వెళ్ళాలని ఉందేమో. మీరు 48కి మానేయాలనుకుంటున్నారు, ఆవిడకి అప్పుడే మొదలుపెట్టాలని ఉండొచ్చు, ఈ ముక్క మీ ప్లాన్‌లో అసలు లేదు.

అన్నయ్యగారి సంగతి. నంబర్ చెప్పడం వల్ల వచ్చిన తంటా ఇది, మన ఇళ్ళల్లో కోటి అనే మాట చెవిన పడితే అది లాకర్లో నోట్ల కట్టలుగానే కనిపిస్తుంది, అందులో పీపీఎఫ్ పదిహేనేళ్ళు లాక్ అయి ఉంటుందని ఎవరూ ఆలోచించరు. ఆయన అడగడం తప్పు కాదు, పిల్ల చదువు కదా. ఆవిడతో మాట్లాడకుండా మాత్రం ఒక్క రూపాయి ఒప్పుకోకండి. ఇద్దరూ కలిసి ఎంత ఇవ్వగలరో చూసుకోండి, తిరిగి రాకపోయినా బాధపడని మొత్తం ఎంతో అంతే, అది లక్ష కావచ్చు, రెండు కావచ్చు. ఫోన్లో కాకుండా ఇంటికెళ్ళి, "అన్నయ్యా, ఉన్నదంతా రిటైర్మెంట్‌కని పెట్టుకున్నాం, ఇప్పుడు మా వల్ల అయ్యేది ఇంత, తిరిగి ఇవ్వక్కర్లేదు, మిగతాదానికి ఎడ్యుకేషన్ లోన్ పెడదాం, బ్యాంకు పనికి నేనొస్తా" అనండి. వదినగారు ముఖం మాడ్చుకోవచ్చు, కొన్నాళ్ళు పోనివ్వండి. వెళ్ళేటప్పుడు మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఆ మాట ఇద్దరి నోటా రావాలి.