ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య దొరికిన రెండు నెలలు

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసింది. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, చేరడానికి రెండు నెలలు ఉంది. ఈలోగా ఏదైనా సర్టిఫికెట్ కోర్సు చెయ్యమంటే వినడం లేదు. "కొన్నాళ్లు తిరుగుతాను, ఎప్పుడూ చెయ్యనివి చేస్తాను" అంటోంది. తీరా చూస్తే మొదటి వారమంతా ఫోన్ చూస్తూ పడుకుంది. రెజ్యూమెలో ఈ ఖాళీ మచ్చగా మిగులుతుందేమో, చేతిలో ఉన్న కాలం వృథా అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది. తనకు ఎలా చెప్పాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ మాటల్లో రెండు భయాలు ఉన్నాయి. రెజ్యూమె గురించిన భయాన్ని ఇవాళే వదిలేయండి. రెండు ఉద్యోగాల మధ్య రెండు నెలల ఖాళీ గురించి ఎవరూ పెద్దగా అడగరు. అడిగినా "ఉద్యోగం మారేటప్పుడు కొంత విరామం తీసుకున్నాను" అన్న ఒక్క మాట సరిపోతుంది. ఇది ఎంత మామూలైపోయిందంటే, ప్రొఫైల్‌లో కెరీర్ బ్రేక్‌ను రాసుకోవడానికి లింక్డ్‌ఇన్ 2022లో ప్రత్యేకంగా చోటు కల్పించింది. ఆఫర్ ఇంకా నోటిమాటగానే ఉండి ఉంటే మాత్రం, ముందు కాగితం చేతికి రానివ్వమని చెప్పేదాన్ని.

కాలం గురించిన భయాన్ని అలా తీసిపారేయలేం. తీరిక దొరికినంత మాత్రాన దాన్ని హాయిగా వాడుకోవడం ఎవరికీ రాదు. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గర్లో ఉన్న మరియెంతాల్‌లో మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని కోల్పోయింది. మరీ యహోదా, పాల్ లజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే సామాజిక పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించి, చూసినదాన్ని 1933లో పుస్తకంగా ప్రచురించారు. అందరికీ రోజంతా తీరికే. అయినా గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు పెరగకపోగా బాగా తగ్గిపోయాయి. వీధిలో మనుషుల నడక కూడా నెమ్మదించింది. వాళ్లది జీతం పోయిన కష్టం, రేపటి మీద ఆశ పోయిన కష్టం. మీ అమ్మాయి పరిస్థితిని దానితో పోల్చకూడదు. కానీ యహోదా తర్వాతి కాలంలో చెప్పిన ఒక విషయం తనకూ వర్తిస్తుంది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక క్రమాన్ని, ఇంటి బయటి మనుషులను కూడా ఇస్తుంది. అవి ఒక్కసారిగా ఆగిపోతే సోమవారానికీ శనివారానికీ తేడా తెలియదు. కాబట్టి మొదటి వారం ఫోన్‌తో గడిచిందంటే అది బద్ధకం కాకపోవచ్చు. ఆ వారం గురించి తనను ఏమీ అనకండి. మూడేళ్ల అలసటకు ఒక వారం పడక ఎక్కువేమీ కాదు.

ఇక్కడి నుంచి కొంత భాగం మీ అమ్మాయికి చూపించండి.

ఎప్పుడూ చెయ్యనివి చెయ్యాలన్న నీ కోరిక నాకు చాలా నచ్చింది. దానికి లేనిదల్లా తేదీ. వారానికి రెండు పెట్టుకో, చాలు. ఫలానా రోజు, ఫలానా సమయం, వీలైతే తోడుగా ఒక మనిషి. ఒక్కదానివే అనుకున్న పనిని తెల్లవారుజామున దుప్పటిలోనే రద్దు చేసేస్తావు. బయట ఎవరో ఎదురుచూస్తున్నారంటే లేస్తావు. మిగతా రోజులను ఖాళీగానే ఉండనీ. గంటగంటకూ టైమ్‌టేబుల్ వేసుకుంటే అది ఇంకో ఉద్యోగమే అవుతుంది.

చిన్నవే ఎంచుకో. ఎన్నడూ ఎక్కని బస్సెక్కి చివరి స్టాప్‌లో దిగి, మ్యాప్ తియ్యకుండా కాసేపు తిరిగి రా. తెల్లవారకముందే చెట్లున్న చోటికి వెళ్లి పిట్టల కూతలు విను. కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర కేంద్రం వాళ్ల 'మెర్లిన్' యాప్ ఉచితం, కూత విని అది ఏ పిట్టో చెబుతుంది. అప్పుడప్పుడు పొరబడుతుంది కాబట్టి నీ కళ్లతోనూ వెతుకు. విరామం ఆగస్టులో పడితే 12, 13 తేదీల ప్రాంతంలో పెర్సీడ్ ఉల్కలు రాలతాయి, డిసెంబరులో అయితే 13, 14 ప్రాంతంలో జెమినిడ్లు. టెలిస్కోపు అక్కర్లేదు. చీకటి ఉన్న చోటు చూసుకుని, కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఓ ఇరవై నిమిషాలు ఫోన్ వెలిగించకుండా ఉంటే చాలు. ఒక్కటే హెచ్చరిక: చేరే తేదీ దగ్గర పెట్టుకుని కాలో చెయ్యో విరిగే సాహసాల జోలికి వెళ్లకు.

వీటన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. నీ రంగంతో ఏ సంబంధమూ లేని పని చేసే మనిషి దగ్గర ఒక పూట గడుపు. వడ్రంగి కావచ్చు, దర్జీ కావచ్చు, తేనెటీగలు పెంచేవాళ్లు కావచ్చు. "మీరు పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడొచ్చా" అని అడిగి చూడు, సంతోషంగా రమ్మనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు దేన్ని చూసి పని బాగా కుదిరిందంటారు, ఎక్కడ ముఖం చిట్లిస్తారు, ఏ తప్పును సరిదిద్దుతారు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు? ఇవి గమనించు. నా దగ్గరకు సలహాకు వచ్చేవాళ్లలో చాలామందికి తమ పని తప్ప ఇంకో పని లోపల ఎలా ఉంటుందో తెలియదు. అందుకే విసుగొచ్చినప్పుడు వాళ్లకు కంపెనీ మార్చడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది. ఆ పూటను రెజ్యూమెలోకి ఎలా ఎక్కించాలా అని మాత్రం ఆలోచించకు. అలా ఆలోచిస్తే ఎదుట ఉన్న మనిషి నీకు సరిగా కనిపించరు.

కొత్త ఆలోచనల సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ చేసిన ప్రయోగాలు 2014లో వెలువడ్డాయి. కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు మనుషులకు కొత్త ఆలోచనలు ఎక్కువగా తట్టాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా అంతే. అయితే ఒకే ఒక్క సరైన జవాబున్న ప్రశ్నల దగ్గర నడక సాయపడలేదు, ఫలితం కాస్త తగ్గింది కూడా. కాబట్టి ఆలోచనల కోసం నడువు, నిర్ణయం మాత్రం కూర్చుని తీసుకో. "అసలు ఈ రంగమే వదిలేస్తే?", "సొంతంగా ఏదైనా మొదలుపెడితే?" లాంటివి ఈ రెండు నెలల్లో తప్పకుండా వస్తాయి. భయపడకు, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకో. ఆ రాత్రే ఆఫర్ వద్దని మెయిల్ పంపకు. రెండు వారాల తర్వాత చదివినా అదే ఉత్సాహం ఉంటే చిన్న ఎత్తున చేసి చూడు. ఒక నమూనా తయారుచెయ్యి, లేదా ఆ పనిలో ఉన్న ఒకరితో మాట్లాడు.

ఇక మళ్లీ మీతో, అమ్మా. కోర్సు వద్దని నేను అనను. కొత్త ఉద్యోగంలో ఫలానాది కావాలని వాళ్లే చెబితే రోజుకో గంట దానికి ఇవ్వడం మంచిదే. ఊరికే ఉండకూడదు కదా అని చేసే కోర్సు మాత్రం అలసటను కొత్త ఆఫీసుకు మోసుకెళ్లేలా చేస్తుంది.

తనతో ఎలా మాట్లాడాలని అడిగారు. 1831లో చార్లెస్ డార్విన్ 22 ఏళ్ల వయసులో చదువు ముగించి, బీగిల్ అనే ఓడలో ప్రపంచయాత్రకు వెళ్లే అవకాశం వస్తే తండ్రి ఒప్పుకోలేదు. అదొక పనికిమాలిన ప్రయత్నమనీ, దాని తర్వాత కొడుకు ఒక చోట కుదురుగా స్థిరపడడనీ ఆయన భయం. ఆ అభ్యంతరాలన్నీ డార్విన్ కాగితం మీద రాసి మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్‌కు ఇస్తే, ఆయన ఒక్కొక్కదానికీ విడివిడిగా జవాబు రాశారు. తండ్రి మనసు మార్చుకున్నారు. మీ అమ్మాయిది అంత పెద్ద ప్రయాణం కాదు, కానీ ఈ పద్ధతి మీ ఇద్దరికీ పనికొస్తుంది. మీ భయాలను ఒక కాగితం మీద రాసి తనకు ఇవ్వండి, పక్కనే జవాబు రాయమనండి. డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుంది, ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో ఎవరికి చెబుతుంది, పాత కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగుతుంది, కొత్తది ఎప్పుడు మొదలవుతుంది? ఈ బీమా విషయం చాలామంది మరిచిపోతారు, తప్పకుండా రాయండి. తను జవాబు రాసిన వాటి గురించి మళ్లీ మళ్లీ అడగకండి.

చేరడానికి ముందు వారం ఏమీ పెట్టుకోవద్దని చెప్పండి. పాత కంపెనీ నుంచి రావాల్సిన పత్రాలు అప్పటికి అందాయో లేదో చూసుకోవాలి. నిద్ర వేళలు బాగా ఆలస్యమైపోయి ఉంటే ఒక్క రాత్రిలో సర్దుకోవు. రోజుకు కొంచెం చొప్పున వెనక్కి తెచ్చుకోవాలి.