వంటగదిలో చేరబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

చైన్ రెస్టారెంట్ వంటగదిలో ఉద్యోగం వచ్చిందన్న నీ ఉత్తరం అందింది. అటువంటి వంటగదుల్లో 27 ఏళ్లు నిలబడి పనిచేసినవాడిగా, నీవు చేరేలోపు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందుగా నియామక పత్రం మీద ఎవరి పేరున్నదో చూడు. బోర్డు మీద కనిపించే పేరు ఒకటి, జీతమిచ్చే యజమాని మరొకరు కావడం ఈ వ్యాపారంలో మామూలే. సంస్థ పేరు వాడుకునే అనుమతితో వేరొకరు నడిపే ఫ్రాంచైజీ శాఖలో జీతం ఆగితే ఎవరిని అడగాలో చేరకముందే తెలియాలి. టిప్పులు బాగా వస్తాయన్న మాట నమ్మి తక్కువ మూల వేతనానికి ఒప్పుకోకు. హోటళ్లు, రెస్టారెంట్ల పని పరిస్థితులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో చేసిన 172వ ఒప్పందం, టిప్పులతో నిమిత్తం లేకుండా మూల వేతనం క్రమం తప్పక అందాలని చెబుతోంది. దాన్ని ఆమోదించిన దేశాలు కొద్దే అనుకో, అయినా అడిగేటప్పుడు ఆ మాట ఆసరా అవుతుంది.

ఇక గంటల లెక్క. అమ్మకాల్లో జీతాల ఖర్చు ఎంత శాతమన్నదాన్ని బట్టే పైవాళ్లు మేనేజరు పనితనాన్ని తూస్తారు. అందుకే రద్దీ తగ్గగానే ఒకరిని ఇంటికి పంపి ముగ్గురి పని ఇద్దరి చేత చేయించడం, హాజరు యంత్రంలో 'అవుట్' కొట్టించాక పొయ్యిలు తోమించడం జరుగుతుంటాయి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, దొరికిన విరామం ఏ రోజుకారోజు చిన్న పుస్తకంలో రాసుకో. ఒక నెల నాకు 11 గంటలు తక్కువ లెక్కగట్టారు. నోటితో చెబితే ఎవరూ వినలేదు గాని, నూనె మరకలంటిన నా పుస్తకం బల్ల మీద పెట్టగానే లెక్క సరిచేశారు. రాత్రి మూసే షిఫ్టు, మర్నాడు తెరిచే షిఫ్టు వెంటవెంటనే వేస్తే మొదటి వారంలోనే మర్యాదగా కాదను, లేకపోతే ఆ వరస నీకే ఖాయమవుతుంది.

నిద్ర చాలనివాడి చేతికి వేపుడు నూనె అప్పగించడం ఎంత ప్రమాదమో నా ఎడమ ముంజేయి చెబుతుంది. ఆ నూనె వేడి సుమారు 180 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఒక రాత్రి ఆలస్యమవుతోందని తొందరపెడితే, అది చల్లారకముందే వంపబోయి తడి నేల మీద జారాను. పక్కవాడు టూత్‌పేస్టు తెచ్చేలోపు, గిన్నెలు కడిగే పెద్దావిడ నా వాచీ ఊడదీసి, చేతిని 20 నిమిషాలు చన్నీటి ధార కిందనే పట్టి ఉంచింది. ఐసు పెట్టనివ్వలేదు. అదే సరైన ప్రథమ చికిత్స అని డాక్టరు తరువాత అన్నాడు. 'చిన్న దెబ్బే కదా' అని మేనేజరు అంటే ప్రమాదాల రిజిస్టరులో రాయించకుండా ఊరుకోవడం మాత్రం నా తప్పే, ఆ వారం సెలవులకు నాకు జీతం రాలేదు.

నూనెకు మంట అంటుకుంటే దాని మీద నీళ్లు పోయవద్దు. వీలైతే గ్యాస్ ఆపి మూత వేయి, మంట పెద్దదైతే అందరినీ తీసుకుని బయటికి వచ్చేయి. చేరిన రోజే గ్యాస్ వాల్వు, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడున్నాయో చూపించమను. ఎవరికీ తెలియకపోతే, అక్కడ పనిచేస్తూనే మరో చోటు వెతకడం మొదలుపెట్టు.