గజ్జలో బిళ్ళ మూడు వారాలైనా పోలేదా? ముందు దాని మీంచి చెయ్యి తీసెయ్యండి

కాలి బొటనవేలికి గోరుచుట్టు లేచి చీము పట్టింది, అయిదు రోజులు యాంటీబయాటిక్ వేసుకున్నారు, వేలు మానింది. గజ్జలో చింతపిక్కంత బిళ్ళ మాత్రం మూడు వారాలైనా పోలేదు, ఇది క్యాన్సరేమో అని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇదే కదా మీ ప్రశ్న? నేను డాక్టర్ని కాను. మీది విజయనగరం వైపు, మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్క పల్లె. అచ్చం ఇదే భయంతో రెండు నెలలు తిరిగినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, సెలవు పెట్టి ఇంటికెళ్ళాను. పది రోజులు దమ్ము మడిలో దిగేసరికి కాలి వేళ్ళ సందులు నానిపోయి చీలాయి. మంట పుట్టింది, పట్టించుకోలేదు. ఒక రాత్రి రెండు దుప్పట్లు కప్పినా ఆగని చలిజ్వరం. తెల్లారి లేస్తే కుడి గజ్జలో రేగుపండంత బిళ్ళ, అడుగు తీసి అడుగు వెయ్యలేను. సిగ్గుపడుతూ మా మామ్మకి చెప్పాను. ఆవిడ బిళ్ళ వైపు చూడనే లేదు. "ఓరి గుంటడా, ఆ సంగతి తరవాత. ముందు కాలు సూపించు" అంది.

కాలికి దెబ్బ తగిలితే గజ్జలో బిళ్ళ కడుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకో నాకు తరవాత డాక్టరు చెబితే అర్థమైంది. కాలు, పిరుదు, పొత్తికడుపు చర్మం, మర్మాంగాలు, వీటన్నిటి నుంచీ వచ్చే లింఫు నీరు గజ్జల్లోని గ్రంథుల గుండానే పైకి పోతుంది. తూముకి జాలీ కడితే చెత్త అక్కడ ఆగదూ, అలా క్రిములు ఈ గ్రంథుల్లో ఆగుతాయి. వాటితో పోరాడే కణాలు అక్కడే పెరగడం వల్ల గ్రంథి ఉబ్బుతుంది. పుండు మానగానే ఆ కణాలు ఒక్కరోజులో చెదిరిపోవు. వేలు మానినా బిళ్ళ నిలవడం అందుకే.

ఇక నేను చేసిన తెలివితక్కువ పనులు రెండు. ఒకరి మాట విని సున్నం, బెల్లం కలిపి పట్టు వేశాను. గజ్జ చర్మం పలచన కదా, బొబ్బలెక్కింది, అదో కొత్త పుండు. రెండోది అంతకంటే అన్యాయం: నొక్కి చూసుకోవడం. స్నానానికెళ్తే నొక్కడం, పడుకునే ముందు నొక్కడం, బస్సులో లుంగీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ నొక్కడం. శ్రీకాకుళంలో సర్జన్‌కి చూపిస్తే ఆయన తాపీగా "రోజుకెన్నిసార్లు పిసుకుతున్నావయ్యా?" అన్నాడు. ముప్పయ్యో నలభయ్యో అన్నాను. "నా గజ్జ అలా పిసికినా వాస్తుంది. ఆదివారం ఆదివారం ఒక్కసారి చూసుకో, చాలు" అన్నాడు. నాకు పనికొచ్చిన మందు అదే. మీరు కూడా నొక్కుతూనే ఉన్నారని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది.

జ్వరం మూడు రోజుల్లో పోయింది, నొప్పి పది రోజులకి. రేగుపండు చింతపిక్క కావడానికి నెల పట్టింది, బఠాణీ కావడానికి ఇంకో నెల. ఆ బఠాణీ ఇప్పటికీ ఉంది, వేలికింద జారుతుంది. చెప్పుల్లేకుండా తిరిగే మనలాంటివాళ్ళకి గజ్జల్లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర గ్రంథులు తగలడం మామూలేనట.

అలాగని ఊరుకోమనడం లేదు. నాలుగు వారాలకి కూడా తగ్గుముఖం పట్టకపోతే చూపించాల్సిందే. స్కానింగు, అవసరమైతే సూదితో తీసే పరీక్ష రాస్తారు. బిళ్ళ పెరుగుతున్నా, రాయిలా గట్టిగా ఉండి కదలకపోయినా, మెడలోనో చంకలోనో కూడా కట్టినా, బరువు తగ్గుతున్నా, రాత్రిళ్ళు చెమటతో పక్క తడుస్తున్నా ఆ నాలుగు వారాలూ ఆగొద్దు. ఎర్రబడి వేడిగా, మెత్తగా అయితే లోపల చీము పట్టిందేమో, ఆ రోజే వెళ్ళాలి. దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా, అంటే పేగు జారడం, కావచ్చు. అది లోపలికి పోకుండా నొప్పీ వాంతులూ మొదలైతే ఇక ఎమర్జెన్సీయే. మర్మాంగం మీద పుండు ఉంటే మాత్రం బిళ్ళకి కారణం కాలి వేలేనని చెప్పి దాచకండి, డాక్టరుకి రోజూ కనిపించేదే అది.

మన జిల్లాల సంగతి ఇంకోటుంది. శ్రీకాకుళం, విజయనగరం రెండూ బోదకాలుకి పాత కాపురాలు. చలిజ్వరం, గజ్జలో బిళ్ళ మళ్ళీ మళ్ళీ వస్తుంటే బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు ఉందేమో పరీక్ష అడగండి. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి, అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చి వేలు గుచ్చేవారు. చిన్నప్పుడు వాళ్ళని చూసి దొంగలొచ్చారని మంచం కింద దూరేవాళ్ళం. నాకూ చేయించారు, లేదని తేలింది. కానీ బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి ఇచ్చిన డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఆ తరవాత ఎప్పుడూ మింగకుండా చూరులో దోపలేదు.

మందుల షాపులో అదే యాంటీబయాటిక్ ఇంకో అయిదు రోజులకి కొనకండి. పుండు మానాక బిళ్ళ ఒక్కటే మిగిలితే దానికి ఆ మందుతో పని లేదని నాకు చెప్పారు. నొప్పి మాత్రలు కూడా చేతికి దొరికినవి మింగకండి, వాటిలో కొన్ని కిడ్నీలకి చేటు. ఉద్దానంలో కిడ్నీలతో జనం పడే పాట్లు మనకి దూరపు కబురు కాదు కదా. నాకైతే పారాసెటమాల్‌తోనే సరిపోయింది.

వేళ్ళ సందులు రోజూ సబ్బుతో కడిగి పొడిగుడ్డతో ఒత్తండి. వచ్చే ఆదివారానికి మీకు నాలుగో వారం. తగ్గినట్టు లేకపోతే సోమవారం విజయనగరం పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి వెళ్ళండి. వాడిన మాత్రల ఖాళీ అట్ట జేబులో పెట్టుకోండి. నేను అది పారేసి వెళ్ళి, "తెల్లగా పొడుగ్గా ఉండేవండి" అంటే డాక్టరు నా మొహం కేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది.