ఛార్జరు పోయిందని తేలకముందే అప్పు ఖాయమైంది

ప్రశ్న: కోనసీమలో దిండి దగ్గర వశిష్ఠ గోదావరిపై నాకు రెండు గదుల హౌస్‌బోటు ఉంది. అక్టోబరు నుంచి మే వరకు డీజిలు, జీతాలు పోగా నెలకు సగటున రూ.60,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు నెలకు రూ.28,000. చీటీకి నెలకు రూ.5,000, ఎల్‌ఐసీ ప్రీమియం ఏడాదికి రూ.36,000 కడుతున్నాను. వానాకాలం ఇల్లు గడవడానికి బ్యాంకులో రూ.1,30,000 ఉంది, దాన్ని ముట్టుకోను. పడవలో 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు, జెట్టీ కరెంటుతో వాటిని నింపే ఛార్జరు ఒకటి ఉన్నాయి. రాత్రంతా ప్లగ్గు పెట్టి ఉంచినా, మరునాడు సాయంత్రం పడవ నిలిపాక రెండు గంటలకే ఫ్యాన్లు ఆగిపోతున్నాయి. ఛార్జరు పోయిందని, దానివల్ల బ్యాటరీలు కూడా దెబ్బతిన్నాయని మెకానిక్కు చెప్పాడు. ఛార్జరుకు రూ.32,000, నాలుగు బ్యాటరీలకు రూ.72,000, వైరింగుకు, కూలికి రూ.9,000, మొత్తం రూ.1,13,000 అవుతుంది. డైలీ ఫైనాన్సులో రూ.1,25,000కు నోటు రాస్తే చేతికి రూ.1,12,500 ఇస్తారు, రోజుకు రూ.1,250 చొప్పున వంద రోజులు కట్టాలి. నూటికి పదే కనుక ఈ జూన్‌లోనే తీసుకుందామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. పడవలు, ఆటోలు, పిండిమరలు నడుపుకునేవారి నుంచి ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తుంటాయి. యంత్రం ఆగిన మరుక్షణమే దాన్ని బాగుచేసే మనిషికంటే ముందు అప్పిచ్చే మనిషిని వెతకడం వీటన్నింటిలోనూ కనిపించే పొరపాటు. అందువల్ల మీ లెక్కను కొంత వివరంగా చూస్తాను.

ముందుగా ఆ "నూటికి పది" సంగతి. పది శాతమన్నది ఏడాదికి కాదు, వంద రోజులకు. అదీ మొత్తం సొమ్ము వంద రోజులూ మీ దగ్గర ఉంటే కదా? మొదటి రోజు నుంచే తిరిగి కడుతుండడం వల్ల సగటున మీరు వాడుకునేది తీసుకున్నదానిలో సగమే. ఈ రెండూ కలిపి లెక్కిస్తే వడ్డీ ఏడాదికి డెబ్బై శాతం దాటుతుంది. పడవ తిరగని నెలల్లో, ఆ నెలల్లో సంపాదించని వస్తువు కోసం, ఈ రేటుకు అప్పు చేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

అసలు దెబ్బ మరోచోట ఉంది. జూన్ నడిమిలో నోటు రాస్తే వంద రోజులు సెప్టెంబరు చివరి వరకు సాగుతాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయ్యే కాలం అదే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన ప్రమాదం తరువాత వరద గోదావరిలో పడవ తిప్పే మాటే ఎవరూ ఎత్తకూడదు. కాబట్టి రోజుకు రూ.1,250, అంటే నెలకు రూ.37,500 వాయిదా మీరు ముట్టుకోనంటున్న ఆ రూ.1,30,000 నుంచే పోవాలి. ఇంటి ఖర్చుతో కలిపితే నెలకు రూ.65,500 అవుతుంది కనుక రెండు నెలలు నిండకముందే ఆ సొమ్ము అడుగంటుతుంది. అప్పుడు ఆగస్టు నడిమిలో, వరద మధ్యలో, మొదటి అప్పు తీర్చడానికి రెండో అప్పు కోసం తిరుగుతారు.

పైగా ఇప్పుడు కొన్న బ్యాటరీల వారంటీ ఇప్పుడే మొదలవుతుంది. నాలుగు నెలలు రేవులో ఊరికే పడి ఉండే వస్తువుకు జూన్‌లో వారంటీ మొదలుపెట్టించుకోవడం ఎందుకు? కొనక తప్పని పరిస్థితి వస్తే సెప్టెంబరు చివరి వారంలో కొనండి.

అసలు కొనాలా అన్నది ఇంకా తేలలేదు. మీరు రాసిన లక్షణం ఛార్జరు పోయినా కనిపిస్తుంది, ఒక బ్యాటరీ పోయినా కనిపిస్తుంది, పచ్చని తుప్పు పట్టిన ఒక్క లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) వల్లా కనిపిస్తుంది. నేను ఎలక్ట్రీషియన్‌ను కాను కనుక పడవల వైరింగు చేసే ఒకరిని అడిగి రాస్తున్నాను. తడి డెక్కు మీద 230 వోల్టుల పని మీరు స్వయంగా చేయకుండా, కొత్త సరుకు అమ్ముకోవలసిన అవసరం లేని ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట కూలి ఇచ్చి చేయించండి.

జెట్టీ నుంచి ఛార్జరుకు కరెంటు వస్తోందా, ఛార్జరుకూ బ్యాటరీకీ మధ్య ఫ్యూజు బాగుందా అన్నది మొదట చూడాలి. తరువాత ఛార్జరు నడుస్తుండగా దాని టెర్మినళ్ల దగ్గర, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ విడివిడిగా కొలవాలి. రెండింటికీ మధ్య అర వోల్టుకు మించి తేడా ఉంటే లోపం తీగలోనో లగ్గులోనో ఉన్నట్టు, దానికయ్యేది వందల్లో ఖర్చు. రెండేసి బ్యాటరీలను వరుసగా కలిపి రెండు జతలుగా చేసిన మీ 24 వోల్టుల సెట్టు నిండేకొద్దీ ఈ వోల్టేజీ 28 దాటాలి, నిండిన తరువాత 27 దరిదాపుల్లో నిలవాలి. బ్యాటరీ కలపకుండా కొలిచి సున్నా చూపిందని ఛార్జరు పోయిందనుకోవద్దు, ఎందుకంటే నేటి ఛార్జర్లలో చాలావరకు బ్యాటరీ ఉందని గుర్తించేదాకా కరెంటు వదలవు, మరీ దిగజారిన బ్యాటరీని గుర్తించవు కూడా. అందువల్ల దుకాణం నుంచి మంచి బ్యాటరీలు రెండు తెప్పించి, వాటికి మీ ఛార్జరు తగిలించి చూడడమే ఖాయమైన పరీక్ష. వాటిని నింపగలిగితే ఛార్జరు నిక్షేపంగా ఉన్నట్టే.

బ్యాటరీలకూ అదే న్యాయం. నాలుగింటినీ విడదీసి దుకాణంలో పూర్తిగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు ఊరికే ఉంచి కొలిస్తే ఒక్కొక్కటి 12.6 వోల్టుల దగ్గర నిలవాలి, 12కు జారినదాన్ని అనుమానించాలి. హైడ్రోమీటరుతో (బ్యాటరీలోని యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఆరు సెల్లులూ చూసి, ఒకటి మిగతావాటికంటే 0.050 తక్కువ చూపితే ఆ బ్యాటరీ పని అయిపోయింది. ఆ తరువాత లోడ్ టెస్టు, అంటే కరెంటు వాడుతుండగా వోల్టేజీ ఎంత పడిపోతుందో చూడడం. ఒకటే పోయినా, దానితో వరుసలో ఉన్న జతను కలిపి మార్చడం మంచిదట, అప్పుడు ఖర్చు రూ.36,000. ఛార్జరు ఒక్కటే పోతే రూ.32,000. మొత్తం రూ.1,13,000 అన్నది అన్నీ ఒకేసారి పోయినప్పటి లెక్క మాత్రమే. ఛార్జరు మార్చవలసివస్తే ట్యూబులర్ బ్యాటరీకి తగిన సెట్టింగు ఉన్నది, నీటి తేమను తట్టుకునేది, సెట్టు 300 ఏహెచ్ కనుక 30 ఆంపియర్లకు తగ్గనిది కొనండి. ఇంట్లో ఇన్వర్టరుకు వాడేది చవకగా వస్తుందని పడవలో పెట్టవద్దు.

ఇప్పుడు నేను ప్రతి ఉత్తరంలోనూ వెతికే విషయానికి వస్తాను. మీ దగ్గర అత్యవసర నిధి లేదు. వానాకాలానికి రూ.1,30,000 దాచినందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను, చాలామంది అది కూడా చేయరు. కాని గోదావరికి వరద రావడం అత్యవసరం కాదు, ఏటా తేదీలతో సహా తెలిసిన ఖర్చు. చీటీ వాయిదాలను పక్కన పెట్టి చూసినా, నాలుగు నెలలకు ఇంటికి రూ.1,12,000 పోగా మీకు మిగిలేది రూ.18,000. పరీక్షకు, లగ్గులకు, ఫ్యూజుకు అది సరిపోతుంది, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరితే సరిపోదు. బ్యాటరీలు నాలుగేళ్లు, ఛార్జరు ఎనిమిదేళ్లు పనిచేస్తాయనుకుంటే వాటి అరుగుదల ఏడాదికి రూ.22,000, అంటే పడవ తిరిగే ఎనిమిది నెలల్లో నెలకు రూ.2,750. దీన్ని అక్టోబరు నుంచి వేరే ఖాతాలో వేయండి. వానాకాలానికి నెలకు రూ.14,000 తీయండి. ఇంటి ఖర్చు, ఏడాది మొత్తం చీటీ, ప్రీమియం ఈ ఎనిమిది నెలలకే సర్దినా నెలకు ఇంకా రూ.3,250 మిగులుతుంది. అది ఇంటి అత్యవసర నిధికి పునాది. దాన్ని ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,68,000 వరకు పెంచాలి. ఆ మొత్తం చేరేదాకా కొత్త సోఫాలు, డెక్కుకు రంగు దీపాలు ఆగాలి. చీటీ సొమ్ము చేతికి వచ్చినప్పుడు అందులోంచి లోటు పూడ్చండి. ఛార్జరు కోసమని ఇప్పుడు పాట పాడి సొమ్ము కోత పెట్టుకోవద్దు.

సెప్టెంబరులో కొనక తప్పకపోతే, తేలిన వస్తువు మేరకే బ్యాంకులో బంగారంపై గాని ఎల్‌ఐసీ పాలసీపై గాని రుణం తీసుకుని సంక్రాంతి రద్దీ ముగిసేలోగా తీర్చండి. పడవకూ ప్రయాణికులకూ బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే తొలి ట్రిప్పుకు ముందే చేయించాలి, అయితే అరిగిపోయిన బ్యాటరీకి బీమా సొమ్ము వస్తుందని ఎదురుచూడవద్దు.

ఈ నాలుగు నెలలు పడవ రేవులో కట్టి ఉన్నా వాన నీరు అడుగున చేరుతూనే ఉంటుంది, తోడే మోటారుకు బ్యాటరీ కావాలి. పరీక్షలో నెగ్గిన జతను పడవలోనే ఉంచి, రెండో జతను ఒడ్డుకు చేర్చి, డిస్టిల్డ్ వాటర్ సరిచూసి నెలకొకసారి ఛార్జి చేయించండి. పరీక్షలో వచ్చిన అంకెలన్నీ ఎలక్ట్రీషియన్ చేత కాగితంపై రాయించుకుని, సెప్టెంబరులో దుకాణానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.