పరమాణువు ఖాళీ అయితే బంగారు గాజు గట్టిగా ఎందుకుంది?

ప్రశ్న: సార్, మా పిల్లోడు టెన్త్ చదువుతా ఉండాడు, పరమాణువు లోపల దాదాపు అంతా ఖాళీనే అంటాడు. అట్లయితే నా బంగారు గాజులోకి వేలు దూరిపోవాల గదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీవాడు చెప్పింది కరెక్టేనమ్మా, ఆ సంగతి బయటపడింది కూడా బంగారంతోనే. 1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాల్ని (రేడియోధార్మిక పదార్థాల నుంచి దూసుకొచ్చే బరువైన పాజిటివ్ కణాల్ని) వదిలితే దాదాపు అన్నీ నేరుగా అవతలికి పోయినాయి, ఎక్కడో వేలల్లో ఒకటి మాత్రం ఎనక్కి తిరిగొచ్చింది, దాన్నిబట్టే 1911లో రూథర్‌ఫర్డ్ మధ్యలో చిన్న కేంద్రకం ఉందనీ బరువంతా దాంట్లోనే ఉందనీ తేల్చినాడు. ఎంత చిన్నదంటే, బంగారం కేంద్రకం శ్రీవారి లడ్డంత అనుకుంటే మొత్తం పరమాణువు కిలోమీటరు దాటుతుంది. ఆ లడ్డులోనే 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు!

మిగతా జాగా ఉత్త ఖాళీ కాదు, ఎలక్ట్రాన్లు అంతటా పరుచుకొని ఉంటాయి. మీ వేలి ఎలక్ట్రాన్లు, గాజు ఎలక్ట్రాన్లు ఒకదాంట్లోకి ఒకటి చొరబడలేవు, ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదని 1925లో పౌలీ అనే శాస్త్రవేత్త చెప్పిన రూలు అడ్డం, పైగా అన్నీ నెగటివ్ కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మరి ఆల్ఫా కణం ఎట్లా పోయింది అంటారేమో, అది సెకనుకి వేల కిలోమీటర్ల స్పీడుతో పోయేది, దాని ముందు ఎలక్ట్రాన్లు చానా తేలిక, ఆపలేవు.