దుబాయ్ జీతం, గుమ్మ ఎకరం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఏసీ టెక్నీషియన్‌ని. జులైలో దుబాయ్ వచ్చాను, మొన్ననే మూడో జీతం పడింది. నెలకు 3,200 దిర్హాములు, అందులో బేసిక్ 1,600. బెడ్‌స్పేస్, తిండి, ఫోను పోను 1,750 మిగులుతోంది. ఏజెంటుకు, ప్రయాణానికి కలిపి ₹2,40,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఇంటికి నెలకు ₹15,000 పంపాలి. గుమ్మ వైపు ఎకరం ₹3,50,000కు వస్తోంది, వదలొద్దని నాన్న పట్టుబడుతున్నారు. ఇక్కడి బ్యాంకు పర్సనల్ లోన్ ఇస్తామంటోంది. తీసుకుని కొనేయమంటారా?

జవాబు: వద్దండీ. భూమి సంగతే ముందు తేల్చేద్దాం, రోజూ ఫోన్లో మీకు తలనొప్పి అదే కాబట్టి.

గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ బ్లాకు, రాయగడ బ్లాకు షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ ఆదివాసీల భూమి ఆదివాసీ కానివాళ్ల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది. అటు ఆంధ్రలో 1/70 చట్టం ఎలాగో ఇటు ఇది అలాగన్నమాట. స్టాంపు కాగితం మీద రాయించుకున్నా, పదేళ్లు దున్నుకున్నా ఆ భూమి మీది కాదు, తిరిగి ఇచ్చేయాల్సి వస్తుంది. ఎకరం అంత చవగ్గా వస్తోందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

ఒకవేళ అది ఆదివాసీ భూమి కాదనుకుందాం. అయినా మీ పేరున కొనడానికి లేదు. ఉద్యోగానికని దేశం దాటిన రోజు నుంచే విదేశీ మారకం చట్టం (ఫెమా) లెక్కలో మీరు ఎన్నారై. ఎన్నారై ఇల్లు కొనుక్కోవచ్చు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. మీరు పంపిన డబ్బుతో నాన్నగారు ఆయన పేరున కొంటే తప్పేం లేదు, కానీ అప్పుడది ఆయన ఆస్తి. రేపు పంపకాల్లో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ వాటా ఉంటుంది. నేను పంపిన డబ్బే కదా అని అప్పుడు మీరంటే పండక్కి కూడా మాటలుండవు. బరంపురంలో నా దగ్గరికి సెలవు మీద వచ్చే గల్ఫ్ వాళ్లలో ఈ తగువుతో వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక ఆ లోన్. మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. యూఏఈ చట్టం ప్రకారం అది ఆరు నెలల దాకా ఉండొచ్చు, ఆ లోపు కంపెనీ 14 రోజుల నోటీసుతో పంపించేయగలదు. ఉద్యోగం పోయినా లోన్ పోదు. కట్టకపోతే కోర్టుకెళ్లి దేశం దాటకుండా ప్రయాణ నిషేధం కూడా తెప్పించగలరు. క్రెడిట్ కార్డు అంటూ ఫోన్ చేసే అమ్మాయికి కూడా ఇదే జవాబు చెప్పండి.

అసలు మంట ఊళ్లో ఉంది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. నెలకు ₹4,800 వడ్డీకే పోతోంది. ఇంట్లో బంగారం ఉండి, మీ ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, దాన్ని బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి. బ్యాంకు గోల్డ్ లోన్ పది శాతం అటూ ఇటూగా దొరుకుతుంది, వడ్డీ నెలకు ₹2,000 దగ్గరికి దిగుతుంది. ఆవిడ వద్దంటే బతిమాలకండి. ఆ బంగారం ఆవిడది.

దిర్హాము ₹24 అని లెక్కేసుకుంటే మీకు మిగిలేది ₹42,000. ఇంటికి 15,000. 300 దిర్హాములు, అంటే ₹7,200, అక్కడే మీ ఖాతాలో వదిలేయండి. మిగతా ₹19,800 ప్రతి నెలా అప్పుకు. బంగారం దారిలో పన్నెండో నెల దాటేసరికి పదహారు వేల చిల్లరే మిగులుతుంది. ఇప్పుడున్న అప్పులోనే కొనసాగితే పద్నాలుగు నెలలు పడుతుంది, వడ్డీ కూడా ఇరవై వేలకు పైనే ఎక్కువ కడతారు. ఆ 300లు ఏడాదికి 3,600 అవుతాయి, రెండు నెలలకు పైగా మీ దుబాయ్ ఖర్చు. పని పోయినా ఊరికి ఫోన్ చేసి డబ్బు పంపమని అడగాల్సిన అవసరం రాదు. కొత్త దేశంలో మొదటి ఏడాది సంపాదన అంటే నా దృష్టిలో అప్పు లేకపోవడం, చేతిలో ఈ 3,600 ఉండటం. ఇంతకుమించి ఆశపడకండి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లో వేసే ఎస్‌ఐపీ ఆ తర్వాతే.

ఇక బ్యాంకు ఖాతాలు. మన సరిహద్దు వాళ్లందరికీ ఉండే చిక్కు మీకూ ఉండే ఉంటుంది. పర్లాకిమిడిలో ఒక ఖాతా, అడుగు తీసి అడుగేస్తే పాతపట్నంలో ఇంకోటి. రెండో దాన్ని చాలామంది మర్చిపోతారు. మామూలు సేవింగ్స్ ఖాతాలు రెండింటినీ ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాలుగా, మార్పించాలి. దుబాయ్ జీతం కోసం విడిగా ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఎన్ఆర్ఓ వడ్డీకి మాత్రం 30 శాతం, దానిపై సెస్సు కోసేస్తారు. ఇంటి ఖర్చు నేరుగా మీ ఆవిడ ఖాతాలో వేయండి. తక్కువ కమీషన్ అని రూమ్మేట్ హుండీ, అంటే బ్యాంకు బయట చేతుల మీదుగా డబ్బు పంపే దారి, చూపిస్తాడు, అటు పోకండి. ఆదాయపు పన్ను టెన్షన్ పెట్టుకోకండి. జులైలోనే వెళ్లారు కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరం ఇక్కడ 182 రోజులు నిండవు, ఆ జీతానికి ఇక్కడ పన్ను పడదు.

దిర్హాము డాలరుకు 3.6725 దగ్గర 1997 నుంచి కట్టేసి ఉంది. అంటే రూపాయల్లో దాని రేటు డాలరుతో పాటే కదులుతుంది. రేటు పెరగాలని నెలంతా ఎదురుచూసి మీరు సంపాదించేది టీ ఖర్చు.

మీ పే స్లిప్పులో బేసిక్ 1,600 అన్నారు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ లెక్క దాని మీదే. ఏడాది నిండాక, మొదటి ఐదేళ్లకు ఏటా 21 రోజుల బేసిక్, అంటే మీకు 1,120 దిర్హాములు. కాంట్రాక్టు రెన్యువల్‌కు కూర్చున్నప్పుడు మొత్తం జీతం కాదు, బేసిక్ పెంచమని అడగండి. నిరుద్యోగ బీమా తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి. మీ జీతానికి నెలకు 5 దిర్హాములే, తీసుకోకపోతే 400 జరిమానా.

ఏజెంటు గురించి ఒక్క మాట. రిజిస్టర్డ్ ఏజెంటు ₹30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు గానీ ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు గానీ ఉంటే కేంద్రం వలస కార్మికుల పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో ఫిర్యాదు పెట్టండి. నోటి మాట మీద ఇచ్చిన డబ్బయితే ఆశ వదులుకోవాల్సిందే.

నాన్నగారికి కాదని చెప్పడం కష్టమే. కాదనకండి, ఒక పని అప్పజెప్పండి. ఆ ఎకరం పట్టా నకలు ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో తీయించమనండి. ఒడియాలో ఉంటుంది. రైతు పేరు, తండ్రి పేరు తర్వాత జాతి (కులం లేదా తెగ) అని రాసి ఉంటుంది. అది ఆదివాసీ భూమో కాదో అక్కడే తెలుస్తుంది. ఫోన్లో మీకు ఆ వరస చదివి వినిపించమనండి.